డిశ్చార్జి సమ్మరీలో రెండు చోట్ల ‘ఎస్టీ’ అని ఉంది, రెండూ ఒకటేనా?

గోదారిగట్టు | సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నాన్నగారికి 67 ఏళ్లు, షుగర్ ఉంది. ఏడు నెలల కిందట గుండెపోటు వచ్చి స్టెంటు (గుండె రక్తనాళాన్ని తెరిచి ఉంచే సన్నని తీగల గొట్టం) వేశారు. ఇప్పుడు కింది దవడ పన్ను పుచ్చి చీము పట్టింది. రెండు వారాలుగా మెత్తగా కలిపిన అన్నం కూడా నమలలేకపోతున్నారు. పన్ను తీయించాలి. పళ్ల డాక్టరుగారు “గుండె డాక్టరు దగ్గర కాగితం రాయించుకురండి, మందుల సంగతి తేలకుండా నేను ముట్టుకోను” అన్నారు. మా గుండె డాక్టరుగారు ఊళ్లో లేరు, గురువారం వస్తారట. ఈలోపు దగ్గర్లో ఒక క్లినిక్‌కి తీసుకెళ్తే అక్కడి డ్యూటీ డాక్టరు ఫైలు తిరగేసి, “పాత ఎస్టీ మార్పులే కదా, ఇప్పటి ఈసీజీ బాగానే ఉంది. రేపటి నుంచి రక్తం గడ్డకట్టకుండా వేసే రెండు మాత్రలూ ఐదు రోజులు ఆపేసి పన్ను తీయించేయండి” అన్నారు.

ఇంటికొచ్చి ఫైలంతా నేనే చదివాను. మొదటి పేజీలో “లీడ్ 2, 3, ఏవీఎఫ్‌లలో ఎస్టీ ఎలివేషన్” అని ఉంది. చివరి పేజీలో డయాగ్నసిస్ కింద “సబ్ అక్యూట్ ఎస్టీ, ఆర్‌సీఏ” అని ఉంది. అక్కడ ఎలివేషన్ అన్న మాటే లేదు. నాన్నగారైతే కులం కాలమ్‌లో తప్పు పడిందేమో, ఆరోగ్యశ్రీకి అడ్డమొస్తుందేమో అని కంగారు పడ్డారు. అది కాదు నాన్నా అన్నాను గానీ, మరేమిటో చెప్పలేకపోయాను.

రెండూ ఒకటేనా? పొద్దున్న మాత్ర వేయాలో వద్దో తెలియక ఈ రాత్రే అడుగుతున్నాను.

క్యాథ్‌ల్యాబ్ రాత్రిడ్యూటీ | రాత్రి 9:52

రెండూ ఒకటి కాదండి. రేపు పొద్దున్న మాత్రలు ఆపకండి, రోజూ వేసుకున్నట్టే వేయండి. ఒక కేసు లోపల ఉంది, అయ్యాక వివరంగా రాస్తాను.

గ్రాఫ్ కాగితం | రాత్రి 10:10

నేను ఈసీజీ టెక్నీషియన్‌ని, 19 ఏళ్లుగా ఇదే పని. మొదటి పేజీలో ఉన్న ఎస్టీ గురించి చెప్తాను, అది మా కాగితం మీది మాట.

గుండె ఒకసారి కొట్టుకుంటే గీతలో పీ, క్యూ, ఆర్, ఎస్, టీ అని వరసగా ఎత్తుపల్లాలు వస్తాయి. ఎస్ అయిపోయిన చోటి నుంచి టీ మొదలయ్యే చోటి వరకు ఉండే ముక్క ఎస్టీ సెగ్మెంట్. కింది గదుల కండరమంతా కరెంటు అందుకుని, మళ్లీ మామూలు స్థితికి రావడానికి ముందు ఉండే సమయం అది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఆ ముక్క దాదాపు అడుగు గీతకు సమానంగా, బల్ల పరుపుగా ఉంటుంది.

రక్తనాళం పూర్తిగా మూసుకుపోయి కండరానికి రక్తం అందకపోతే ఆ ముక్క పైకి లేస్తుంది. కాగితం మీద ఒక చిన్న గడి ఎత్తు ఒక మిల్లీమీటరు. లీడ్ అంటే గుండెను ఒక కోణం నుంచి చూపే గీత. పక్కపక్క లీడ్లు రెండింటిలో ఒక మిల్లీమీటరు లేచినా మేము కుర్చీలోంచి లేస్తాం. వీ2, వీ3 లీడ్లలో మాత్రం కొలత వేరు: 40 దాటిన మగవాళ్లకు 2, అంతకంటే చిన్నవాళ్లకు 2.5, ఆడవాళ్లకు 1.5 మిల్లీమీటర్లు. మీ నాన్నగారికి లేచింది 2, 3, ఏవీఎఫ్‌లలో కాబట్టి దెబ్బ గుండె అడుగు గోడకు తగిలింది. ఎక్కువమందిలో ఆ గోడకు రక్తం ఇచ్చేది కుడి కరోనరీ నాళమే. మీ చివరి పేజీలో ఉన్న ఆర్‌సీఏ అదే. అడుగు గోడ పోటు అనుమానం వస్తే నేను ఛాతీ కుడివైపు కూడా ఒక లీడ్ పెట్టి తీస్తాను. కుడి గది దెబ్బతిని ఉంటే నాళాలు వదులు చేసే సార్బిట్రేట్ మాత్ర నాలుక కింద పెట్టినా బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. ఇళ్లల్లో అది పక్కనే ఉంచుకునేవాళ్లు చాలామంది, అందుకే చెప్తున్నాను.

ఎస్టీ లేచిన ప్రతిసారీ గుండెపోటే అనుకోవద్దు. గుండె పొరకు వాపు వచ్చినా లేస్తుంది. ఏ జబ్బూ లేని కుర్రాళ్లలో కొందరికి సహజంగానే కాస్త ఎత్తుగా ఉంటుంది. అందుకే పాత ఈసీజీ పక్కన పెట్టుకుని చూడటం మాకు ప్రాణం. మీ దగ్గర పాతవి ఉంటే వెంటనే జిరాక్స్ తీయించండి. అది వేడికి అచ్చయ్యే కాగితం, ఏడాది రెండేళ్లలో వెలిసిపోతుంది.

క్యాథ్‌ల్యాబ్ రాత్రిడ్యూటీ | రాత్రి 11:35

ఇప్పుడు తీరిక దొరికింది. పైన గ్రాఫ్ కాగితం అన్న చెప్పింది మొదటి ఎస్టీ. చివరి పేజీలో డయాగ్నసిస్ కింద ఆర్‌సీఏ పక్కన రాసిన ఎస్టీ మా క్యాథ్ ల్యాబ్‌లో, అంటే గుండె నాళాలు తెరిచి స్టెంట్లు వేసే గదిలో, మాట: స్టెంట్ థ్రాంబోసిస్. వేసిన స్టెంటు లోపలే రక్తం గడ్డకట్టి నాళం మళ్లీ మూసుకుపోవడం. సబ్ అక్యూట్ అని ముందున్నందుకే నాకు అనుమానం లేదు, ఈసీజీ ముక్కకు ఎవరూ ఆ మాట తగిలించరు.

ఇది మామూలుగా జరిగేది కాదు. ఇప్పుడొస్తున్న స్టెంట్లతో మొదటి ఏడాదిలో నూటికి ఒకరికి కూడా రాదు. కానీ వస్తే చాలా ప్రమాదం. అప్పటిదాకా బాగా నడుస్తున్న నాళం నిమిషాల్లో మూసుకుపోతుంది, గుండెకు సర్దుకునే సమయం ఉండదు. ఒకసారి వచ్చినవాళ్లకు మళ్లీ వచ్చే అవకాశం కూడా ఎక్కువ. అలాంటి ఫైలు చూసి రెండు మాత్రలూ ఆపమన్నారంటే, ఆ డాక్టరు చివరి పేజీ ఎస్టీని కూడా గీతలో మార్పు అనే చదివారు.

ఒకటి అడగొచ్చా? స్టెంటు వేశాక ఎన్ని రోజులకు రెండోసారి ల్యాబ్‌కి తీసుకెళ్లారు? అప్పుడు మాత్రలు ఏమైనా ఆపారా?

గోదారిగట్టు | మంగళవారం ఉదయం 6:15

మాత్రలు వేశానండి, రెండూ. ఇద్దరికీ చేతులెత్తి దండం.

మీరడిగింది రాస్తున్నాను. మొదటిసారి డిశ్చార్జి అయి ఇంటికొచ్చాక, స్టెంటు వేసిన తొమ్మిదో రోజు తెల్లవారుజామున నాన్నగారు చెమటలతో లేచి కూర్చున్నారు. దవడ లాగేస్తోంది అన్నారు. 108 వచ్చేసరికి మాట కూడా సరిగ్గా రాలేదు. మళ్లీ ల్యాబ్‌కి తీసుకెళ్లి బెలూన్‌తో తెరిచారు. మాకు “మళ్లీ అటాక్ వచ్చింది” అని చెప్పారు. మేమూ ఇన్నాళ్లూ రెండో అటాక్ అనే అనుకున్నాం.

ఆ రోజు సాయంత్రం ఇల్లు సర్దుతుంటే ఆయన దిండు పక్కన, అప్పటి రెండు మాత్రల్లో ఒకటైన క్లోపిడోగ్రెల్ రేకు కనపడింది. నాలుగు గుంటలు పగలకుండా ఉన్నాయి. ఆస్పిరిన్ మాత్రం సరిగ్గానే అయిపోతూ వచ్చింది. తర్వాత అడిగితే, పళ్లు తోముకుంటుంటే చిగుళ్ల నుంచి రక్తం వస్తోందని, మాత్ర ఘాటు ఎక్కువైందని ఆపేశానని చెప్పారు. మాతో చెప్తే ఖర్చు పెట్టి మళ్లీ తిప్పుతామని చెప్పలేదట. ఆ రేకు ఇప్పటికీ నా బీరువాలో ఉంది. పారేయలేకపోయాను.

ఇప్పుడు దాని బదులు టికాగ్రెలార్ 90, రోజుకు రెండుసార్లు. ఆస్పిరిన్ 75.

క్యాథ్‌ల్యాబ్ రాత్రిడ్యూటీ | ఉదయం 6:40

ఇక సందేహమే లేదమ్మా. నాలుగు మాత్రలు, తొమ్మిదో రోజు. ఆ చివరి పేజీ ఎస్టీ అంటే ఆ తెల్లవారుజామే.

రెండో ఏడాది డీఎం | ఉదయం 7:30

కార్డియాలజీలో చదువుతున్నాను. సబ్ అక్యూట్ అన్న మాటకు లెక్క ఉంది కాబట్టి రాస్తున్నాను.

2006లో బార్సిలోనాలో జరిగిన గుండె వైద్యుల మహాసభలో, మందు పూసిన మొదటి తరం స్టెంట్లలో ఏడాది దాటాక కూడా గడ్డలు కడుతున్నాయన్న భయం ప్రపంచమంతా పాకింది. అప్పటిదాకా ఒక్కో అధ్యయనం ఒక్కోలా లెక్కపెట్టేది. అందుకని అకడమిక్ రీసెర్చ్ కన్సార్షియం అనే బృందం ఒకే నిర్వచనం పెట్టింది. స్టెంటు వేసిన 24 గంటల లోపు వస్తే అక్యూట్, ఆ తర్వాత 30 రోజుల లోపు సబ్ అక్యూట్, ఏడాది లోపు లేట్, ఏడాది దాటితే వెరీ లేట్. యాంజియోలో (నాళంలోకి రంగుమందు పంపి తీసే ఎక్స్‌రేలో) గడ్డ కళ్లకు కనపడితే డెఫినిట్ అంటాం. స్టెంటు వేసిన 30 రోజుల లోపు కారణం తెలియకుండా మనిషి చనిపోతే అది ప్రాబబుల్ కిందికి వస్తుంది. మీ నాన్నగారిది తొమ్మిదో రోజు, యాంజియోలో చూసి తెరిచారు. డెఫినిట్ సబ్ అక్యూట్.

మొదటి నెలలోనే ఎక్కువ ఎందుకంటే, స్టెంటు తీగలు ఇంకా రక్తానికి తగులుతూనే ఉంటాయి. నాళం లోపలి పొర వాటి మీద పూర్తిగా పరచుకోవడానికి నెలలు పడుతుంది. తీగల మీద పూసిన మందు ఆ పొర ఎదుగుదలను కూడా నెమ్మదింపజేస్తుంది. ఆ వ్యవధి అంతా గడ్డ కట్టించే రక్తకణాలను, అంటే ప్లేట్‌లెట్లను, అదుపులో పెట్టేది ఆ రెండు మాత్రలే. గుండెపోటుతో వచ్చి స్టెంటు వేయించుకున్నవాళ్లకు సాధారణంగా ఏడాది పాటు రెండూ ఇస్తాం. మాత్ర ఆపడం ఒక్కటే కారణం అనలేను. స్టెంటు పూర్తిగా విచ్చుకోకపోవడం, గోడకు సరిగ్గా ఆనకపోవడం, అంచు దగ్గర చీలిక, షుగర్, కిడ్నీ జబ్బు కూడా ఉంటాయి. అయితే మొదటి నెలలో ఆపడం వీటన్నింటిలోకీ గట్టి కారణాల్లో ఒకటి.

ఇంకో మాట, స్టెంటు లోపల మళ్లీ సన్నబడటాన్ని రీస్టెనోసిస్ అంటారు. అది వేరు. చాలామంది రెండింటినీ కలిపి “స్టెంటు బ్లాక్ అయింది” అనేస్తారు.

గోదారిగట్టు | ఉదయం 7:50

ఆ రెండింటికీ తేడా నాన్నగారికి ఎలా చెప్పాలి డాక్టరు గారూ? ఆయన 40 ఏళ్లు కాలువ కింద వరి చేశారు.

రెండో ఏడాది డీఎం | ఉదయం 8:05

అయితే సులువండి. కాలువలో ఒండ్రు ఏళ్ల తరబడి పేరుకుని నీళ్లు తగ్గుతాయి చూడండి, అది రీస్టెనోసిస్. నడిస్తే ఆయాసం, ఛాతీలో బరువు, నెలల మీద తెలుస్తుంది. నిన్నటిదాకా బాగా పారిన తూముకు ఒక్క రాత్రిలో గుర్రపుడెక్క అడ్డంపడి నీళ్లు ఆగిపోతే, అది థ్రాంబోసిస్.

ఇందూరు బిడ్డ | ఉదయం 9:20

అక్కా, నీ పోస్టు చదివి గుండె దడదడలాడింది. మా అమ్మకు పోయినేడు స్టెంటు ఏసిన్రు. కడుపుల మంట అంటే నేనే మందుల దుకాణంల అడిగి ఒమెప్రజోల్ తెచ్చిన. రెండు నెలలు ఏసుకున్నది. తర్వాత చెకప్‌కు పోతే డాక్టర్ సారు చూసి, క్లోపిడోగ్రెల్ ఏసుకునేటోళ్లకు ఇది వద్దని పాంటోప్రజోల్‌కు మార్చిండు. గిది నిజమేనా, లేక సారు ఎక్కువ జాగర్త పడ్డడా?

రెండో ఏడాది డీఎం | ఉదయం 9:45

సారు చెప్పింది నిజం. క్లోపిడోగ్రెల్ మింగిన రూపంలో పని చేయదు, కాలేయంలో ఒక ఎంజైమ్ దాన్ని పని చేసే మందుగా మార్చాలి. ఒమెప్రజోల్ ఆ ఎంజైమ్‌కే అడ్డుపడుతుంది. మన దేశంలో చాలామందికి ఆ ఎంజైమ్ పుట్టుకతోనే కొంత మందకొడి. అమ్మకు కడుపు కాపాడే మాత్ర అవసరమే, మానేయొద్దు. పాంటోప్రజోల్ కొనసాగించండి.

కొండదారి నర్సు | మధ్యాహ్నం 1:10

నేను ఏజెన్సీలో ఆరోగ్య కేంద్రంలో స్టాఫ్ నర్సుని. మా ఇంటివాళ్లం ఎస్టీలమే. నాన్నగారి కంగారు నాకు అర్థమైంది. మా దగ్గర కూడా ఈసీజీ వెనక “ఎస్టీ+” అని రాసి ఇస్తే, ఒక పెద్దాయన “నా కులం గుండె కాగితం మీద ఎందుకు?” అని అడిగారు. చాలా నొచ్చుకున్నారు. ఆ రోజు నుంచి నేను సెగ్మెంట్ అనే మాట కలిపే రాస్తున్నాను.

మా దగ్గర్నుంచి ఘాట్ దిగి క్యాథ్ ల్యాబ్ ఉన్న ఊరు చేరడానికి మూడు గంటలు. వానాకాలం చెట్టు పడితే అంతకు మించి. రెండు గంటల లోపు ల్యాబ్ చేరే వీలు లేనప్పుడు, నొప్పి మొదలై 12 గంటలు దాటకపోతే, గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇక్కడే ఇవ్వాలి. టెనెక్టెప్లేజ్ బరువును బట్టి ఒకే డోసు. ఈసీజీ ఫొటో వాట్సాప్‌లో పెడితే అవతల డాక్టరు చూసి చెప్తారు. అలా పంపేటప్పుడు నేను ముందు అడిగేది “స్టెంటు ఉందా, ఎప్పుడు వేశారు, మాత్ర ఆపారా?” అని. ఉంది అంటే మెసేజ్ మొదట్లోనే అది రాస్తాను. స్టెంటులో గడ్డ అనుమానం ఉంటే ఎంత దూరమైనా ల్యాబ్‌కే పంపేలా చూడాలని, ఇంజెక్షన్ సంగతి అవతలి డాక్టరు తేలుస్తారని మాకు చెప్పారు.

పదాల పెట్టె | మధ్యాహ్నం 3:30

రిటైర్డ్ లెక్చరర్ని, వైద్యం నాది కాదు. మాటల పుట్టుక మీద ఇష్టంతో కొంత చెప్తాను.

ఈ రెండు ఎస్టీల మధ్య దశాబ్దాల దూరం ఉంది. గీతకు పీ నుంచి టీ వరకు అక్షరాలు పెట్టినవాడు నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో పని చేసిన ఐంథోవెన్. ఆయనకు 1924లో నోబెల్ వచ్చింది. గుండెపోటులో ఆ ముక్క పైకి లేవడాన్ని 1920లో అమెరికాలో హెరాల్డ్ పార్డీ వర్ణించాడు. మనిషి గుండె నాళంలో మొదటి స్టెంట్లు వేసింది 1986లో, ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో జాక్ ప్యుయెల్, స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో ఉల్రిచ్ సిగ్వర్ట్. మన హైదరాబాద్‌లో 1990లలో డాక్టర్ అబ్దుల్ కలాం, డాక్టర్ సోమరాజు కలిసి తక్కువ ఖర్చులో కలాం-రాజు స్టెంటు చేశారు. మీ నాన్నగారికి మరొకటి చెప్పండి: స్టెంటు అన్న మాట 19వ శతాబ్దపు లండన్ పళ్ల డాక్టరు చార్లెస్ స్టెంట్ పేరు నుంచి వచ్చిందని ఎక్కువమంది ఒప్పుకుంటారు. దవడ అచ్చు తీసే పదార్థానికి ఆయన పేరు నిలిచింది, అక్కడి నుంచి ఆ మాట శస్త్రచికిత్సలోకి నడిచింది.

నా సూచన: మొదటిదాన్ని ‘ఎస్టీ గీతభాగం’ అని, రెండోదాన్ని ‘స్టెంటుగడ్డ’ అని తెలుగులో స్థిరపరచుకుంటే ఈ గందరగోళం తీరుతుంది.

గ్రాఫ్ కాగితం | సాయంత్రం 5:00

మాస్టారూ, స్టెంటుగడ్డ బాగుంది, వినగానే అర్థమవుతుంది. గీతభాగం మాత్రం మా గదిలో ఎవరూ పలకరు. ఇంకో చిక్కు ఉంది. ఒంటికి కట్టి 24 గంటలు ఈసీజీ తీసే హోల్టర్ రిపోర్టుల్లో కొందరు సైనస్ టాకికార్డియాని కూడా ఎస్టీ అని పొట్టి చేస్తారు. అది గుండె వేగంగా కొట్టుకోవడం, జ్వరానికీ భయానికీ కూడా వస్తుంది. మూడో ఎస్టీ అన్నమాట. కొత్త పేరు పెట్టినా పెట్టకపోయినా, పొడి అక్షరాలు మానేసి పూర్తి మాట రాయడం మాలాంటివాళ్ల బాధ్యత.

లంకపల్లె | సాయంత్రం 6:25

అందరూ మరీ భయపెడుతున్నారు. మా బాబాయి మూడు నెలలకే మాత్ర ఆపేశాడు, ఆరేళ్లుగా పొలం దున్నుతున్నాడు. ఒంటికి పడని మందు ఎన్నాళ్లు మింగాలి?

రెండో ఏడాది డీఎం | రాత్రి 8:40

బాబాయిగారు బాగున్నందుకు సంతోషం. రక్తస్రావం భయం ఎక్కువ ఉన్నవాళ్లకు మేమే మూడు నెలలకో, ఒక్కోసారి అంతకంటే ముందో ఒక మాత్ర ఆపిస్తాం. అప్పుడు కూడా రెండోది నడుస్తూనే ఉంటుంది. మనిషి వయసు, స్టెంటు వేసిన చోటు, దాని పొడవు, ఎందుకు వేశారు అన్నవి చూసి తేల్చే విషయం అది. ఇంట్లో ఎవరికి వారు తేల్చుకునేది కాదు. మీ బాబాయిగారికి ఒకటి ఆపారా, రెండూనా, ఎవరు ఆపమన్నారు? వీలైతే ఫైలు చూడండి. ఆస్పిరిన్ కూడా ఆగిపోయి ఉంటే దయచేసి ఈ వారంలోనే చూపించండి.

లంకపల్లె | రాత్రి 9:15

ఫోన్ చేశాను. డాక్టరే ఒకటి ఆపారట. చిన్న తెల్ల మాత్ర ఇప్పటికీ వేస్తున్నాడు. నాకు తెలియదు, పైన రాసింది వెనక్కి తీసుకుంటున్నాను.

గోదారిగట్టు | ఆదివారం సాయంత్రం 5:30

ఆలస్యంగా రాస్తున్నాను, మన్నించండి. గురువారం మా గుండె డాక్టరుగారిని కలిశాం. చివరి పేజీ చూపించి, “ఇది స్టెంట్ థ్రాంబోసిసేనా సార్” అని అడిగాను. ఆయన కాసేపు ఆగి, అవునన్నారు. ఆ పేజీ మీద పెన్నుతో ఎస్టీ కొట్టేసి పూర్తి మాట రాసి, సంతకం, తేదీ పెట్టారు. కాగితంలో “రెండు మాత్రలూ ఆపవద్దు, పన్ను తీసిన చోటే రక్తం ఆపే ఏర్పాటు చేయగలరు” అని పళ్ల డాక్టరుగారికి రాశారు. ఏడాది లోపు ఎవరు ఏ చిన్న ఆపరేషన్‌కైనా మాత్ర ఆపమన్నా ముందు తనకు ఫోన్ చేయమన్నారు.

నిన్న పొద్దున్న పన్ను తీశారు. ఉదయం మాత్రలు రెండూ వేసుకునే వెళ్లారు. పొద్దున్నే మొదటి పేషెంటుగా రమ్మన్నారు, రక్తం ఆగకపోతే చూసుకోవడానికి పగలంతా ఉంటుందని. పన్ను వచ్చాక గుంటలో రెండు కుట్లు వేసి, రక్తం ఆపే ట్రానెక్సామిక్ యాసిడ్‌లో తడిపిన గాజుగుడ్డ పెట్టి గట్టిగా కరిచి కూర్చోమన్నారు. నేను గడియారం చూస్తూ కూర్చున్నాను. అరగంటకు తీస్తే ఇంకా చెమ్మగా ఎర్రగా ఉంది, రెండోది పెట్టారు. గంటకు ఆగింది. రాత్రి దిండు మీద ఒక చిన్న మరక తప్ప ఏమీ లేదు. ఇవాళ చల్లారిన గంజి తాగి, మధ్యాహ్నం పెరుగన్నం తిన్నారు. రెండు వారాల్లో ఆయన కంచం ఖాళీ చేయడం ఇదే మొదటిసారి.

నాన్నగారి జేబులో పెట్టడానికి ఒక అట్ట ముక్క మీద ఇలా రాశాను: “కుడి కరోనరీ నాళంలో స్టెంటు ఉంది. తొమ్మిదో రోజున స్టెంటులో గడ్డకట్టింది. టికాగ్రెలార్ 90 రెండుపూటలా, ఆస్పిరిన్ 75. ఆపే ముందు ఈ నంబరుకు ఫోన్ చేయండి.” ఎస్టీ అన్న మాట ఎక్కడా రాయలేదు. గుర్రపుడెక్క సంగతి చెప్తే వెంటనే అందుకున్నారు. ఆ బీరువాలో రేకు తెమ్మని అడిగి, చేతిలో పట్టుకుని చాలాసేపు చూశారు.

గ్రాఫ్ కాగితం గారూ, మీరు చెప్పినట్టు పాత ఈసీజీలు బయటికి తీశాను. మొదటి రోజుది బాగానే ఉంది. తొమ్మిదో రోజుది ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఉంచితే సగం వెలిసిపోయింది, 2, 3 లీడ్లు మాత్రం ఇంకా కనపడుతున్నాయి. రెండూ జిరాక్స్ తీయించి ఫైలు మొదట్లో పెట్టాను.

గ్రాఫ్ కాగితం | ఆదివారం సాయంత్రం 6:10

ప్లాస్టిక్ కవర్లోంచి తీసేయండమ్మా, ఆ కాగితానికి కొన్ని ప్లాస్టిక్‌లు పడవు. మామూలు కాగితం కవర్లో పెట్టండి. ఫోన్‌లో కూడా ఒక ఫొటో ఉంచుకోండి. కుట్లు విప్పే రోజున కూడా మాత్రలు వేసుకునే వెళ్లమనండి.